కన్ను ఎక్కడుందో కత్తెరకు తెలుసు

శింగనమల వాళ్లకు హాల్లో సినిమా అంటే ఈ పక్క అనంతపురం, ఆ పక్క తాడిపత్రి. బస్సు దిగి, టికెట్టు చింపించుకుని, సీట్లో కూలబడ్డాక తెరంతా మనదే. ఎటు కావాలంటే అటు చూసుకోవచ్చు, అడిగేవాడు లేడు. నిజమే, అడిగేవాడు లేడు గానీ తిప్పేవాడు ఉన్నాడు. ఎడిటింగ్ గదిలో కూర్చుని, ఈ క్షణాన జనం చూపు తెర మీద ఏ మూల ఉంటుందో ముందే లెక్కగట్టి, తరువాతి షాటును సరిగ్గా ఆ మూలకు తెచ్చి అతికిస్తాడు. ఆ లెక్కల విశేషాలు కొన్ని ఇవి. వీటికి వరుస లేదు, ఎక్కడ మొదలుపెట్టినా ఫరవాలేదు.

గోరంత చూపు

చెయ్యి బారుగా చాచి బొటనవేలి గోరు చూడండి. కంటికి నిక్కచ్చిగా, అక్షరం పోల్చుకునేంత తేటగా కనబడే భాగం ఇంచుమించు అంతే. మిగిలిందంతా మసక. మెదడు ఆ మసకను సర్దేస్తుంది గనక మనకు తెలియదు. అందుకే కన్ను సెకనుకు దాదాపు మూడుసార్లు ఒకచోటు నుంచి ఇంకోచోటికి దూకుతుంది. దూకే ఆ లిప్తలో చూసేది దాదాపు ఏమీ ఉండదు.

ఈ లెక్కన హాల్లో ఐదొందల మంది ఉంటే, అంత పెద్ద తెర మీద ఐదొందల చోట్ల చూస్తూ ఉండాలి. అలా జరగదు. లండన్ బిర్క్‌బెక్ కాలేజీ పరిశోధకుడు టిమ్ స్మిత్ చూపును పసిగట్టే యంత్రాలు పెట్టి పరీక్షిస్తే, సినిమా చూస్తున్నవాళ్ల కళ్లు ఎక్కువ సేపు ఒకే చోట గుంపు కడుతున్నాయని తేలింది. ముఖాలు, చేతులు, కదిలేవి, మాట్లాడేవి, వీటి చుట్టూనే. ఆయన ఎంచుకున్న సినిమాల్లో 2007 నాటి ‘దేర్ విల్ బి బ్లడ్’ ఒకటి. ఎండిన నేలలో చమురు కోసం బోర్లు వేసే మనిషి కథ. మన దగ్గర నీళ్ల కోసం వేసేవాళ్లకు ఆ సినిమా ఇంకా బాగా అర్థమవుతుంది. అందులో బల్ల మీద మ్యాపు పరిచి మాట్లాడుకునే సన్నివేశం ఉంది. కట్ అన్నదే లేకుండా సాగుతుంది. కత్తెర పడకపోయినా, ఎవరు తల తిప్పితే, ఎవరు చెయ్యి కదిపితే వాళ్ల మీదికే అందరి చూపూ పోయింది.

నిమ్మలకుంటలో ఇది పాత సంగతే

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. 2022లో జిల్లాలు విడదీసే దాకా అది మా అనంతపురం జిల్లాయే, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా. మేక తోలును పలచగా గీకి, రంగులద్ది, తెల్లటి గుడ్డ వెనక దీపం పెట్టి ఆడిస్తారు. షాటు మార్చే వీలు లేదు, క్లోజప్పు లేదు. తెర మీద ఒకేసారి నాలుగు బొమ్మలుంటే మాట్లాడుతున్నది ఎవరో జనానికి ఎట్లా తెలియాలి? గొంతులన్నీ వచ్చేది తెర వెనక నుంచే కదా.

మాట్లాడే బొమ్మ కదులుతుంది, చెయ్యి ఊపుతుంది. తక్కినవి నిలబడిపోతాయి. మాట రావణుడి నుంచి హనుమంతుడికి మారగానే కదలికా మారుతుంది, దాంతో చూపూ మారుతుంది. సినిమాలో ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఈ ముఖం ఒకసారి, ఆ ముఖం ఒకసారి వేస్తారే, ఆ కట్లు చేసే పని అచ్చంగా ఇదే.

ఇంకో కిటుకు ఉంది. బొమ్మను గుడ్డకు అదిమి పట్టుకుంటే ప్రతి చిల్లూ స్పష్టంగా కనబడుతుంది. దీపం వైపు వెనక్కి లాగితే పెద్దదై, అంచులు చెదిరి మసకబారుతుంది. ఎవరు తేటగా ఉంటే కన్ను వాళ్లనే పట్టుకుంటుంది గనక, ఎవరిని అదమాలో ఎవరిని లాగాలో ఆడించేవాడి చేతిలో ఉంది. కెమెరా వాళ్లు లెన్సు తిప్పి చేసే ఫోకస్ మార్పును ఇక్కడ మోచేతితో చేస్తారు. జనం కునికిపాట్లు పడే వేళకు హాస్యపు బొమ్మలు కేతిగాడు, బంగారక్క దూకుతారు. వాళ్ల మాటలు పత్రికలో అచ్చు వేసేవి కావు గానీ, పోయిన చూపును తిరిగి తెర మీదికి లాగడంలో వాళ్లను మించినవాళ్లు లేరు.

చెయ్యే కత్తెర

లేపాక్షిలో ఒకే మొండేనికి మూడు తలలున్న ఎద్దు శిల్పం ఉంది. అరచేత్తో రెండు తలలు మూసి చూడండి, ఎద్దు ఒక భంగిమలో ఉంటుంది. వేరే రెండు మూయండి, అదే ఒళ్లు ఇంకో భంగిమలోకి మారిపోతుంది. ఏది చూపాలి, ఏది దాచాలి అన్న ఎడిటర్ పనిని అక్కడ చూసేవాడే చేసుకోవాలి.

మూడోవంతు కట్లు మాయం

‘ఈ సినిమాలో కట్ పడ్డప్పుడల్లా మీట నొక్కండి’ అని చెప్పి మరీ కూర్చోబెట్టారు. టిమ్ స్మిత్, జాన్ హెండర్సన్ 2008లో ప్రచురించిన పరీక్ష ఇది. వెతకడమే పనిగా పెట్టుకున్నవాళ్లు కూడా ఒక రకం కట్లలో దాదాపు మూడోవంతు పట్టుకోలేకపోయారు. ఆ రకం ఏమిటంటే, ఒక పని నడుమ వేసేది. మనిషి కుర్చీలోంచి లేవడం దూరం నుంచి మొదలవుతుంది, లేచి నిలబడటం దగ్గరి షాటులో పూర్తవుతుంది. కన్ను ఆ లేచే ఒంటి వెంటే ఉంటుంది, అతుకు కనబడదు.

మనిషే మారిపోయినా కనబడకపోవచ్చు. డేనియల్ లెవిన్, డేనియల్ సైమన్స్ 1997లో చిన్న సినిమా తీశారు. ఒకడు కూర్చుని ఉంటాడు, ఫోను మోగుతుంది, లేస్తాడు. కట్. ఫోను ఎత్తేది వేరే మనిషి, చొక్కా కూడా వేరు. చూసినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది గమనించలేదు. మన ఫైట్లలో డూపులు ఇన్నేళ్లుగా ఎట్లా నెట్టుకొచ్చారో ఇక వేరే చెప్పాలా? అభిమాని కళ్లకు కూడా విగ్గు కనబడలేదంటే అది ఆయన తప్పు కాదు.

తాడిపత్రి స్టాప్‌వాచ్

బళ్లారి రాఘవ పేరులో బళ్లారి ఉన్నా పుట్టింది 1880లో, తాడిపత్రిలో. రంగస్థలం ఆయనది. నాటకంలో కత్తెర ఉండదు, జనం చూపును నటుడే పట్టి లాక్కోవాలి, పక్క పాత్ర మాట్లాడేటప్పుడు వదిలిపెట్టాలి. సినిమాల్లోకి వచ్చి గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’లో (1939) కూడా వేశారు.

అదే తాడిపత్రిలో 1912లో ఇంకొకరు పుట్టారు. కదిరి వెంకటరెడ్డి, అంటే కె.వి.రెడ్డి. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’, ‘జగదేకవీరుని కథ’ తీసినాయన. ఆయన పక్కన కెమెరా లేకపోయినా స్టాప్‌వాచ్ ఉండేదని పరిశ్రమలో అందరూ చెప్పుకునేవాళ్లు. స్క్రిప్టు దశలోనే సన్నివేశాన్ని చదివించి, గడియారం నొక్కి, ఎన్ని అడుగుల ఫిల్ము అవుతుందో రాసుకునేవారు. ముప్ఫై అయిదు మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు, సెకనుకు 24 నడుస్తాయి, కాబట్టి నిమిషానికి 90 అడుగులు. ఈ గుణకారం ఆయనకు కంఠతా వచ్చి ఉండాలి. సెట్లో నటుడు మాటను సాగదీస్తే ఎన్ని అడుగులు మింగాడో తేలిపోయేది.

దీన్ని చాలామంది పొదుపు కింద జమకట్టి మెచ్చుకుంటారు. నాకు మాత్రం అందులో చూపు లెక్క ఎక్కువ కనబడుతుంది. ఒక ముఖం తెర మీద ఎంతసేపు ఉంటే జనం దాన్ని చదవడం పూర్తవుతుంది, ఏ క్షణం దాటితే కన్ను విసుగెత్తి వెనకున్న స్తంభాల మీదికి పోతుంది? గడియారం లేకుండా దీన్ని ఊహించేవాళ్లు ఉన్నారు, ఆయన కొలిచారు. కత్తెర పని ‘మాయాబజార్’లో సి.పి.జంబులింగం, జి.కల్యాణసుందరంలది. అయితే వాళ్ల బల్ల మీదికి ఫిల్ము వచ్చేసరికే సగం కూర్పు కాగితం మీద అయిపోయి ఉండేదనుకోవాలి.

ఆ సినిమాలోని వెన్నెల పడవ పాట సంగతి చూడండి. ఆరుబయట ఎన్నూరు దగ్గర తీసింది కొన్ని సెకన్లే. తక్కిన పాటంతా స్టూడియోలో, మార్కస్ బార్‌ట్లీ దీపాలతో పుట్టించిన వెన్నెల. 1957 మార్చి 27న విడుదలైన నాటి నుంచి ఎన్ని లక్షల మంది చూశారో, ఆ అతుకు దగ్గర ఎవరి కన్నూ తట్టుకోలేదు. పడవలో ఉన్నవాళ్ల ముఖాలు చూడాలా, ఏటి నీళ్లు అసలివా కావా అని చూడాలా?

2010లో గోల్డ్‌స్టోన్ సంస్థ దీనికి రంగులద్ది విడుదల చేసింది. ముచ్చటగానే ఉంది. కానీ నలుపు తెలుపుల్లో బార్‌ట్లీ ఎక్కడ వెలుతురు వేస్తే కన్ను అక్కడికి పోయేది. రంగులొచ్చాక మూలనున్న ఎర్ర పట్టు చీర కూడా పిలుస్తుంది. నా ఓటు పాతదానికే.

ఇంకో చిత్రం. వేలమందిని ఒకేచోట చూసేట్టు చేయగల కె.వి.రెడ్డి, అదే సినిమాలో ఎవరికి వాళ్లకు వేరే బొమ్మ కనబడే పెట్టె పెట్టారు, ప్రియదర్శిని. మూత తీసినవాళ్లకు వాళ్లకు అన్నిటికన్నా ప్రియమైనదేదో అదే కనిపిస్తుంది. శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు.

రెప్ప ఎప్పుడు వాలుతుంది?

హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ ‘ది కాన్వర్జేషన్’ (1974) కూర్చేటప్పుడు ఒకటి గమనించాడు. ఇక్కడ ఆపితే బాగుంటుందని తనకు తోచిన ఫ్రేముకు చాలా దగ్గర్లోనే నటుడు జీన్ హాక్‌మన్ కన్ను ఆర్పుతున్నాడు, మళ్లీ మళ్లీ. మనిషి ఒక ఆలోచన ముగించి ఇంకోదానికి పోయేటప్పుడు రెప్ప వేస్తాడు, కట్ కూడా అదే పని చేస్తుంది అన్నది మర్చ్ వాదం. దాని మీద ఓ చిన్న పుస్తకమే రాశాడు. కట్ మంచిదా కాదా తేల్చడానికి ఆయన మార్కులు కూడా వేశాడు. భావానికి 51, కథకు 23, లయకు 10. చూపు ఎక్కడుందన్న దానికి 7 మాత్రమే. ఈ వ్యాసం రాస్తున్నవాడికి ఆ ఏడు కొంచెం తక్కువే అనిపించినా, ఆయనకు ఎదురు చెప్పేంత పని మనం చేయలేదు.

2009లో జపాన్‌లో తమామి నకానో బృందం మిస్టర్ బీన్ వేసి చూపించి, జనం రెప్పలు లెక్కపెట్టింది. కథలో కాస్త సందు దొరికిన చోట్ల అందరూ ఇంచుమించు కలిసి రెప్ప వేస్తున్నారు. కథ లేని చేపల తొట్టి వీడియో పెడితే ఆ కలయిక పోయింది.

అరవై అయిదు, నలభై అయిదు, అయిదు

మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి సినిమా చూపిస్తే? న్యూయార్క్‌లో ఊరి హాసన్ బృందం 2008లో ప్రకటించిన ఫలితాలు ఇవి. హిచ్‌కాక్ టీవీ కథ ‘బ్యాంగ్! యు ఆర్ డెడ్’ (1961) చూస్తున్నప్పుడు ప్రేక్షకుల మెదడు పైపొరలో 65 శాతం మేర అందరిలో ఒకే తీరుగా స్పందించింది. తుపాకీలో నిజం గుండ్లున్నాయని తెలియని పిల్లవాడి కథ అది. సెర్జియో లియోనీ కౌబాయ్ చిత్రం ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’కి 45 శాతం. ఒక పార్కులో కెమెరాను ఒకచోట నిలబెట్టి, కట్ లేకుండా తీసిన వీడియోకు 5 శాతం కూడా లేదు. కెమెరా నిజాన్ని యథాతథంగా చూపితే ఎవరి లోకం వాళ్లది.

సినిమా ఎరగని ఊళ్లు

కట్ అర్థం కావడం పుట్టుకతో వచ్చేదా, నేర్చుకునేదా? టర్కీ కొండల్లో అసలు సినిమా, టీవీ చూడని పెద్దవాళ్ల మీద స్టెఫాన్ ష్వాన్, సెర్మిన్ ఇల్దిరార్ చేసిన పరీక్ష 2010లో అచ్చయింది. వాళ్లకు కొన్ని కట్లు అయోమయంగానే తోచాయి. కానీ తెర మీద జరుగుతున్నది తమకు బాగా అలవాటైన పని అయితే, దాని క్రమం ముందే తెలుసు గనక షాట్లను తేలిగ్గా కలుపుకున్నారు.

ఇది చదివితే మన తొలి టాకీ గుర్తొస్తుంది. 1932లో హెచ్.ఎం.రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’, సురభి వాళ్ల నాటకం ఆధారంగా. స్తంభంలోంచి ఎవరు వస్తారో పసిపిల్లవాడికీ తెలిసిన కథ. డేరాలో మొదటిసారి తెర చూసిన పల్లె మనిషి తబ్బిబ్బు కాకపోవడానికి ఆ తెలిసిన కథే ఊతమై ఉంటుందని నా అంచనా. మొదటి రోజుల్లో అన్నీ పురాణాలే తీశారని ఎకసెక్కం చేసేవాళ్లు ఈ వైపు ఆలోచించరు.

లేని ఈగను చూడటం

రాజమౌళి ‘ఈగ’ (2012) కూర్పు కోటగిరి వెంకటేశ్వరరావుది. కథానాయకుడు గోరంత కూడా లేడు, తెరేమో గోడంత. పైగా చిత్రీకరణలో అక్కడ ఈగే లేదు, అది తరువాత కంప్యూటర్‌లో పుట్టింది. సుదీప్ ఏమీ లేని గాలిని చూస్తూ నటించాడు. మనుషులకు ఎదుటివాడు ఎటు చూస్తే అటు చూసే బుద్ధి పసితనం నుంచీ ఉంది. కాబట్టి సుదీప్ కళ్లు ఎడమ పైమూలకు తిరిగితే మన కళ్లూ అటే పోయి, తరువాతి షాటులో ఈగ ఆ దిక్కునే దొరుకుతుంది. నల్లపూస వెతుక్కోవాల్సిన పనిని ప్రతినాయకుడి చేత చేయించారు.

సెకన్లలో ఎడారి

‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ (2015) రెండు గంటల్లో దాదాపు 2,700 కట్లు. ఒక్కో షాటు సగటున మూడు సెకన్లు కూడా ఉండదు. అయినా కళ్లు తిరగవు. దర్శకుడు జార్జ్ మిల్లర్ ముఖ్యమైనదాన్ని ఎప్పుడూ తెర నట్టనడుమే ఉంచమన్నాడు, కన్ను కదలక్కర్లేదు, బొమ్మలే మారతాయి. కూర్చిన మార్గరెట్ సిక్సెల్‌కు ఆస్కార్ వచ్చింది. ఈ వేగాన్ని చూసి, నడుమ ఉంచే నియమం మాత్రం వదిలేసి ఫైట్లు కోసేవాళ్లు మన దగ్గర తక్కువేం లేరు. ఎవరు ఎవర్ని కొట్టారో తెలియదు, చప్పుడు బట్టి ఊహించుకోవాలి.

మూలనున్న చుక్క

రీళ్ల కాలంలో రెండు ప్రొజెక్టర్లున్న హాళ్లలో, రీలు అయిపోవడానికి 8 సెకన్ల ముందు తెర కుడి పైమూల ఒక చుక్క మెరిసేది. ఆపరేటర్ రెండో మిషన్ మోటారు వేసేవాడు. చివర్లో ఇంకో చుక్క పడగానే మార్చేవాడు. ఒక్కో చుక్క నాలుగు ఫ్రేములు, అంటే సెకనులో ఆరోవంతు. హాలు మొత్తం మీద దాన్ని చూసేది ఒక్కడే. మిగతావాళ్ల కన్ను హీరో మీద ఉండేది.

కథ తెలియకపోయినా

జేమ్స్ బాండ్ సినిమా ‘మూన్‌రేకర్’లో ఒక ముక్క తీసుకుని, ముందు కథ తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ చూపించాడు లెస్టర్ లాష్కీ అనే పరిశోధకుడు (2015). తరువాత ఏమవుతుందో చెప్పమంటే రెండు గుంపుల జవాబులూ వేరు. చూపు పోయిన చోట్లు మాత్రం ఇంచుమించు ఒకటే. అర్థం ఎవరిది వాళ్లదే, కళ్లు కత్తెరవి. అయితే నెమ్మదైన షాట్లలో కూడా ఇదే జరుగుతుందా అన్నది నా సందేహం. ‘మాయాబజార్’లో మాయాశశిరేఖ వేషంలో సావిత్రి నడుస్తుంటే, లోపలున్నది ఘటోత్కచుడని తెలిసినవాడు ఆ చేతులు, ఆ భుజాలు వెతికి చూస్తాడు. తెలియనివాడికి పెళ్లికూతురి ముఖం చాలు.

కింద అక్షరాలు

సబ్‌టైటిల్స్ అక్కర్లేకపోయినా మనం చదువుతాం. బెల్జియంలోని లూవెన్‌లో గేరీ డిదెవాల్ ఏళ్ల తరబడి దీన్నే పరీక్షించాడు. ఆ భాష వచ్చినవాళ్ల కళ్లు కూడా అక్షరాల మీదికి దిగిపోతున్నాయి. తెలుగు సినిమాను ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో చూసే అలవాటున్నవాళ్లు, నటుడి ముఖాన్ని ఎంతసేపు చూశారో ఒకసారి లెక్క వేసుకోవచ్చు.

ఓవర్ మారితే మైదానం తిరగబడుతుంది

2024 సెప్టెంబరులో అనంతపురం ఆర్‌డీటీ మైదానంలో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగాయి. స్టాండులో కూర్చున్నవాడికి ఒక ఓవర్ బౌలర్ ఈ కొస నుంచి, ఇంకో ఓవర్ ఆ కొస నుంచి. టీవీలో మాత్రం బౌలర్ ఎప్పుడూ తెర కింది నుంచే పరుగెత్తుకొస్తాడు. ఓవర్ మారగానే కెమెరా అవతలి కొసకు మారుతుంది గనక. దాంతో తెర మీద ఎడమ వైపున్న స్టాండు కుడి వైపుకు పోతుంది, మైదానం మొత్తం అడ్డం తిరుగుతుంది. ఎవరైనా గమనించారా? రెండు కొసలా కెమెరాలు పెట్టే పద్ధతి 1970ల చివర ఆస్ట్రేలియాలో కెర్రీ ప్యాకర్ పోటీలతో వచ్చింది. అంతకు ముందు టీవీ వాళ్లు ఒక కొస నుంచే చూపేవాళ్లు. ఓవర్ తప్పించి ఓవర్ బ్యాట్స్‌మన్ వీపు చూస్తూ కూర్చోవలసి వచ్చేది.

ఇంట్లో పరీక్ష

మీకు బాగా తెలిసిన సినిమాలో ఏదైనా పది నిమిషాలు పెట్టండి. మాట వినకుండా శబ్దం పూర్తిగా తీసేయండి. ముఖాలు కాకుండా తెర కుడి పైమూలను మాత్రమే చూడండి, చుక్క కోసం ఆపరేటర్ చూసినట్టు. కట్ పడ్డప్పుడల్లా వేలు మడవండి. మొదటి నిమిషంలోనే రెండు చేతులూ చాలకపోవచ్చు. తరువాత శబ్దం పెట్టి, మామూలుగా చూస్తూ మళ్లీ లెక్కపెట్టండి. హీరో మాట మొదలుపెట్టిన చోట వేళ్లు ఆగిపోతాయి.